తెల్ల బంతికి మదం

పొద్దున లేచి ఎల్లప్ప మొట్టమొదట చేసే పని తెల్ల బంతికి నీళ్ళు పోయడం.

చిత్తూరులో గుట్టకింద క్లబ్బని ఒకటుండేది. పెంకుల కప్పు, పొడుగాటి హాలు, హాలు మధ్యలో పచ్చగుడ్డ పరిచిన స్నూకర్ బల్ల. ఆ బల్లకు ఎల్లప్ప మార్కరు. మార్కరంటే బల్ల తుడవాలి, మూలల్లో వేలాడే వల సంచుల్లో పడిన బంతులు తీసి మళ్ళీ వాటి వాటి చోట్ల పెట్టాలి, మార్కులు పలకమీద వెయ్యాలి. ఆటకు తోడు దొరకని పెద్దమనిషెవరైనా మొహం మాడ్చుకుని కూర్చుంటే తానే కర్ర పట్టుకుని ఆయన చేతిలో మర్యాదగా ఓడిపోవాలి. జీతం తీసుకుని ఆడేవాడు గనక క్లబ్బు లెక్కలో అతను ప్రొఫెషనల్. ప్రొఫెషనల్ అంటే ఏదో గొప్పనుకునేరు, వెనక వాకిలి గుండా రావాలని దానర్థం.

ఇత్తడి పళ్ళెంలో బంతిని పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, కట్టుకున్న పంచె చెంగుతోనే తుడిచేవాడు. ఆ పంచె నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో ఆ బంతికే తెలియాలి. తుడిచినాక ఒక బెల్లం ముక్క, సగం అరటిపండు ముందర పెడితే బంతి మెల్లిగా దొర్లుకుంటూ వచ్చి వాటిమీద నిలబడేది. కాసేపటికి తొక్క మాత్రం మిగిలేది. ఆ తొక్కను ఎల్లప్ప కిటికీలోంచి సెక్రటరీగారి క్రోటన్ కుండీల్లోకి విసిరి, పొగాకు నములుతూ బల్ల తుడవడానికి పోయేవాడు.

తక్కిన బంతులకు ఈ భోగం లేదు. అవి దొరల సీమ నుంచి వచ్చిన ఉత్త బంతులు. వాటితోబాటు వచ్చిన తెల్లది యుద్ధం మొదలైన కొత్తలో పగిలిపోయింది. ఓడల్లో సరుకు రావడం నిలిచిపోయింది. స్నూకర్‌లో కర్రతో పొడిచేది తెల్లదాన్నొక్కదాన్నే, దాంతోనే తక్కిన ఎర్రవాటినీ రంగులవాటినీ కొట్టి సంచుల్లో పడెయ్యాలి. తెల్లది లేకపోతే ఆటే లేదు. అప్పుడు ఒక పాత పాళెగాళ్ళ ఇంట్లో గోడకు వేలాడుతున్న ఏనుగు దంతం తెప్పించి, తిరుపతిలో బొమ్మలు చెక్కే ఒకాయన చేత గుండ్రంగా అరగదీయించినారు. ఆ ఏనుగు పేరు ఎవరికీ గుర్తులేదు. మదమెక్కి ఇద్దరు మావటీలను తొక్కేసిందని మాత్రం చెప్పుకునేవాళ్ళు. కాబట్టి బంతికి ఆకలేస్తే ఎవరూ నోరు తెరవలేదు, ఏనుగన్నాక తినదా అన్నారు. ఏటా కార్తీక పున్నమికి దానికి మదం వచ్చేది. అమావాస్య దాకా నల్లగా, జిగటగా ఏదో కారేది. కుళ్ళిన వెలగపండు, తడిసిన గొర్రె, ముక్కిపోయిన నెయ్యి మూడూ కలిపితే ఆ వాసన. ఆ పక్షం రోజులూ బల్లకు టార్పాలిన్ కప్పి, హాలు తలుపులేసి, మెంబర్లు వసారాలో పేకాడుకునేవాళ్ళు. ఎల్లప్ప శ్రీకాళహస్తిలో ఉన్న కూతురింటికి పోయేవాడు.

వాసన సంగతి చెప్పుకుంటే మిగతా పదకొండున్నర నెలలూ ఆ హాలు ఏమంత పరిమళించేది కాదులెండి. ఒక వకీలుగారు తాంబూలం ఉమ్మితే సగం తొట్టిలో పడేది, సగం గోడకు. ఇంకొకాయన ముక్కులో వేలు పెట్టుకుని, అదే వేలు పచ్చగుడ్డమీద ఆనించి గురి చూసేవాడు. బంతి సంచిలో పడలేదనుకోండి, ఎల్లప్ప వైపు చూసి దగ్గేవాడు, ఎల్లప్ప మోచేత్తో దాన్ని లోపలికి తోసేవాడు. చుట్టూ చేరినవాళ్ళు భేష్ అనేవాళ్ళు. వీళ్ళంతా అమెచ్యూర్లు. అంటే జీతానికి కాకుండా ప్రేమకు ఆడేవాళ్ళన్నమాట. ఆ ప్రేమను చూస్తే నాకైతే కడుపులో దేవుతుంది.

ఈ అసింగంలోకి రోజూ సాయంత్రం తెల్లగా ఉతికిన చొక్కా, మడత నలగని అంగవస్త్రం వేసుకుని దేవనాథన్ వచ్చేవాడు. తిరుపతి వైష్ణవుల పిల్లవాడు. నాయన వేంకటాచలపతిగారు దేవస్థానం పాఠశాలలో పంతులు. రేణిగుంట రైల్వేలో పనిచేసే మేనమామ దగ్గర కొన్నాళ్ళుండి, అక్కడి రైలువాళ్ళ క్లబ్బులో ఈ ఆట అంటించుకున్నాడు. ఇప్పుడు చిత్తూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. జిల్లా పోటీల్లో రెండు వెండిపూత కప్పులు గెలిచినాడు. వాటిని ఇంటికి తీసుకుపోతే వాళ్ళమ్మ పెరుందేవి, "కర్ర కొనన తోలు ముక్క ఉంటుందంట గదరా. తోలు తగిలిన ఆటలో వచ్చిన గిన్నెలు వంటింట్లోకి ఎట్లా తెస్తావు?" అని, స్నానాల గదిలో పెట్టి కుంకుడుకాయలు పోసింది.

అమ్మకు ఉన్న మడి కొడుక్కు రెండింతలు వచ్చింది. దేవనాథన్ ఎక్కడికి పోయినా తన చెంబు తనే తీసుకుపోయేవాడు. ఎవరితోనూ చెయ్యి కలిపేవాడు కాదు, నమస్కారంతో సరిపెట్టేవాడు. కర్ర పట్టుకునే చోట జేబురుమాలు చుట్టుకునేవాడు. బంతుల్ని చేత్తో ముట్టిన పాపాన పోలేదు. తీసినా, పెట్టినా ఎల్లప్పే.

"నువ్వు పెండ్లి చేసుకుంటే తాళి కూడా నన్నే కట్టమంటావేమో సామీ," అనేవాడు ఎల్లప్ప, పొగాకు దవడ మార్చుకుంటూ.

"నీ నోట్లో అది ఉమ్మేసి వచ్చి మాట్లాడు," అని దేవనాథన్ మొహం తిప్పుకునేవాడు.

కానీ ఆట మొదలుపెడితే ఆ పిల్లవాడి చెయ్యి చూడాల్సిందే. తెల్ల బంతిని ముట్టకుండానే, కర్ర కొనతో దాన్ని ఒప్పించి పంపినట్టుండేది. మరి అంత ఆటగాడు గెలవాలి గదా. వారానికి రెండుసార్లు ఆఫీసరుగారు క్లబ్బుకు వచ్చేవాడు, దేవనాథన్ పనిచేసే ఆఫీసుకు పెద్దాయన. ఆయనకు ఆటరాదు. ఆయనతో ఆడాల్సిందే, ఓడిపోవాల్సిందే. తేలిగ్గా పడే బంతిని వెంట్రుకవాసిలో తప్పించడం గెలవడంకంటే కష్టం. ఓడిపోయినాక దేవనాథన్ ఒక మొహం పెట్టేవాడు. కళ్ళు కొంచెం దించి, పెదాల చివర చిన్న నవ్వు తెచ్చుకుని, "బాగా ఆడినారండీ," అనేవాడు. గదికి పోయి ఆ మొహాన్ని సున్నిపిండి పెట్టి రుద్దుకునేవాడు. వకీలుగారి తాంబూలపు మరకలకంటే, ముక్కులో వేలుకంటే అతనికి ఆ మొహమంటేనే ఎక్కువ రోత.

అట్లాంటప్పుడు మద్రాసు నుంచి రాజారత్నం వచ్చినాడు. జపానువాళ్ళు బాంబులేస్తారని మద్రాసు సగం ఖాళీ అయిన ఏడాది అది. బిలియర్డ్స్ బల్లలు చేసే ఒక కంపెనీ తన సామాన్లన్నీ చిత్తూరు గోదాముల్లో పెట్టి, వాటికి కాపలాగా ఈయన్ని పంపింది. లావుపాటి మనిషి, నోట్లో చుట్ట ఆరదు, ఆదివారమైతే చర్చికి పోయి వచ్చి మిగిలిన పొద్దంతా క్లబ్బులో కూర్చునేవాడు. బెంగళూరు, ఊటీ, సికిందరాబాదు క్లబ్బుల్లో ఊరూరా తిరిగి ఆడి చూపించడానికి కంపెనీకి జీతగాడు ఒకడు కావాలని, చిత్తూరు విడిచి పోయేలోగా ఈడ్నే పోటీ పెట్టి గెలిచినవాణ్ణి తీసుకుంటానని చెప్పినాడు.

దేవనాథన్ ఆయన్ని ఒకటే అడిగినాడు. "ఆ ఉద్యోగంలో ఎవరికైనా కావాలని ఓడిపోవాలా సార్?"

"డబ్బిచ్చి చూసేవాడి ముందర ఎందుకు ఓడతావు తంబీ?" అన్నాడు రాజారత్నం.

ఆ మాట విన్నప్పటినుంచీ దేవనాథన్‌కు వేరే ధ్యాస లేదు. ఆదివారం తిరుపతికి పోయి నాయనతో చెప్పినాడు. వేంకటాచలపతిగారు సాలగ్రామ పెట్టె ముందర కూర్చుని కోసిన తులసి గంపలో సర్దుకుంటున్నాడు. ఉపనయనమైన నాటినుంచీ ఆ సాలగ్రామానికి తిరుమంజనం, అంటే అభిషేకం, చేసేది దేవనాథనే. చిత్తూరులో ఉద్యోగమొచ్చినాక కూడా ఆదివారాలు ఆ పని అతనిదే.

"జీతానికి ఆడేవాణ్ణి మార్కరంటారు," అన్నాడు నాయన. "మన ఇంట్లో మార్కరు ఉండడు. దేవస్థానం ఆఫీసులో నీకోసం ఒకచోట మాట్లాడినాను. మార్గశిరంలో వచ్చి చేరు."

"నేను గెలిస్తే?"

"గెలిస్తే నీ ఖర్మ. ఓడితే మాత్రం మళ్ళీ ఆ కర్ర ముట్టకూడదు."

నిలబడి ఆ మాట ఇచ్చి వచ్చినాడు దేవనాథన్.

పోటీకి ఇంకొకడు కూడా దిగినాడు. చెంగల్రాయుడు, బెల్లం మండీ ఆసామి కొడుకు. మనిషికంటే ముందు అతని ఈగలు వచ్చేవి. మండీలో బెల్లం పట్టిన చేత్తోనే కర్ర పట్టేవాడు, ఆ చేత్తోనే వడలు తినేవాడు, వడల నూనె పచ్చగుడ్డకే తుడిచేవాడు. ఏదీ రోత కాదు ఆయనకు. మండీలో ఎలుక పడిన పాకం చూసి నవ్వే మనిషి. ఆట మాత్రం గట్టిదే, కాదనలేం. బంతిని పగిలేటట్టు కొట్టేవాడు.

తేదీ పెట్టింది క్లబ్బు సెక్రటరీ పరంధామయ్య. వకీలు. పంచాంగం పురోహితులకు, మనకు ఇంగ్లీషు క్యాలెండరు అనే రకం. పోయినేడు నవంబరు పద్దెనిమిదికంతా బంతి మదం దిగిపోయింది గదా అని, నవంబరు ఆఖరి శనివారం పోటీ పెట్టి, కార్డులు అచ్చేయించి, ఊళ్ళో పెద్దలందరికీ పంచేసినాడు. ఆ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చిందని ఆయనకు పట్టలేదు. అధికమాసం వస్తే పండగలన్నీ ఆలస్యంగా వస్తాయని వాళ్ళింట్లో పాలుపోసే మునిరత్నమ్మకు కూడా తెలుసు. కొండమీద ఆ ఏడు రెండు బ్రహ్మోత్సవాలు జరిగితే ఈయన పోయి రెండింటికీ దండం పెట్టుకుని వచ్చినాడు, ఎందుకు రెండని అడగలేదు. పోటీ ఇంక వారం ఉందనగా కార్తీక పున్నమి వచ్చింది. తెల్లారి ఎల్లప్ప బంతి ఉండే పెట్టె తెరిచి, ముక్కు మూసుకుని, మళ్ళీ పెట్టె మూసి, మూట సర్దుకున్నాడు.

"యాడికిరా?" అన్నాడు పరంధామయ్య.

"శ్రీకాళహస్తికి సామీ. మదమొచ్చేసినాది."

"శనివారం పోటీ ఉండాది. పెద్దలంతా వస్తాండారు. నువ్వు పోతే బంతులెవరు తీస్తారు?"

"అదేమో నాకు తెలీదు. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు, ఆ ఏనుగు పెట్టింది," అని ఎల్లప్ప రైలెక్కేసినాడు.

కార్డులు పంచినాక పోటీ ఆపితే పరువు పోతుందని పరంధామయ్య ఆపలేదు. పోటీ అయిన మర్నాడే రాజారత్నం మద్రాసుకు పోవాలి. ఆయనా ఆగలేనన్నాడు.

శనివారం మధ్యాహ్నం హాలు తలుపులు తీసినారు. ఆ కంపు రోడ్డుదాకా వచ్చింది. ఆఫీసరుగారి జట్కా గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఏదో అర్జంటు పని తగిలిందని కబురు పెట్టి వెనక్కి తిరిగింది. ప్రేమకు ఆడే మెంబర్లంతా వసారాలోకి పోయి, ఉత్తరీయాలు ముక్కులకు అడ్డం పెట్టుకుని, కిటికీల్లోంచి తలలు లోపలికి పెట్టినారు. పరంధామయ్య కర్పూరం మూట వాసన చూసుకుంటూ తన క్రోటన్ కుండీల మధ్య నిలబడినాడు. లోపల మిగిలింది ఆడేవాళ్ళిద్దరూ, రాజారత్నమూ. ఆయన చుట్ట ముట్టించుకుని గోడవారగా బెంచీమీద కూర్చున్నాడు.

చెంగల్రాయుడు పెట్టెలోంచి తెల్లదాన్ని ఉత్తచేత్తో తీసి, పంచెకు ఒక్క తుడుపు తుడిచి, బల్లమీద టక్కున పెట్టినాడు. పచ్చగుడ్డమీద నల్లటి మరక అంటుకుంది.

"ఏం సామీ, మొహం అట్ల పెట్టినావు?" అన్నాడు. "మా మండీలో వానాకాలం వచ్చి చూడు, ఇది పన్నీరు."

దేవనాథన్ ఊపిరి నోటితో పీల్చుకుంటూ, కర్రతో తప్ప దాన్ని ముట్టే పని నాకేమీ లేదులే, ఒక గంట ఓర్చుకుంటే చాలని తనకు తాను చెప్పుకున్నాడు.

చెంగల్రాయుడు తన పద్ధతిలో గట్టిగా పొడిచినాడు. తెల్ల బంతి ఎర్రవాటి వైపు పోలేదు. సగం దూరం పోయి ఆగింది. అక్కడే అటూ ఇటూ ఊగి, బల్ల అంచు పట్టుకుని గిరగిరా తిరిగి, ఎదురు వచ్చి చెంగల్రాయుడి వేలికి తగిలింది. ఆయన వేలు నోట్లో పెట్టుకున్నాడు. అదే నల్లటి వేలు. చూస్తున్న దేవనాథన్ కళ్ళు మూసుకున్నాడు. మదంలో ఉన్నదాన్ని కొడితే అంతే గదా మరి, కిటికీలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఎర్రది తగల్లేదు గనక తప్పు, ఎదుటివాడికి మార్కులు. దేవనాథన్ కర్ర ఎత్తి, దూరంగా నిలబడి, ఊరికే తాకించినాడు. బంతి ఒక ఎర్రదాన్ని ఆనుకుని బుసకొట్టినట్టు కారింది. మళ్ళీ చెంగల్రాయుడి వంతు. ఆయనకు కోపమొచ్చింది. "దొంగ ముండ, మాట వినవా," అని బలం కొద్దీ పొడిచినాడు. తెల్లది ఎర్రవాటినన్నిటినీ చెల్లాచెదురు చేసి, వాటిలో ఒక్కటీ సంచిలో వెయ్యకుండా, తానే పోయి మూల సంచిలో పడి కూర్చుంది.

"తప్పు," అన్నాడు రాజారత్నం. "తంబీ, నువ్వు దాన్ని తీసి నీ చోట పెట్టుకుని ఆడాలి."

దేవనాథన్ చుట్టూ చూసినాడు. ఎల్లప్ప నిలబడే మూల ఖాళీగా ఉంది. పుట్టిన తర్వాత మొదటిసారి ఆ పొగాకు దవడ అక్కడ ఉంటే బాగుండుననుకున్నాడు.

"సెక్రటరీగారూ," అన్నాడు. "ఎవరినన్నా పంపండి."

"ఎవర్ని పంపేదయ్యా, నువ్వే తీసుకో," అని కర్పూరం వెనకనుంచి జవాబు వచ్చింది.

వల సంచిలోంచి నల్లటి తీగలు కారుతున్నాయి. దేవనాథన్ జేబురుమాలు విప్పి, దాంతో బంతిని పట్టుకుని లాగినాడు. జిగటకు రుమాలు జారింది. బంతి నేలమీద పడి, దొర్లి, బెంచీ కిందికి పోయింది. ఆ బెంచీ కింద వకీలుగారి తాంబూలం, చుట్టల బూడిద, ఎవరో కొరికి పడేసిన గోళ్ళు. ఆ తెల్ల చొక్కా పిల్లవాడు మోకాళ్ళమీద వంగి అందులోకి చెయ్యి పెట్టినాడు. రుమాలు ఎప్పుడో జారిపోయింది, ఉత్త చెయ్యి. బంతిని పట్టుకుని లేచి, ఒక్క అంగలో కిటికీ దగ్గరికి పోయి కక్కేసినాడు. అది పోయి క్రోటన్ కుండీల్లోనూ, పక్కనే ఉన్న సెక్రటరీగారి కోటుమీదా పడింది. దానికి మాత్రం నేనేమీ అనను.

నోరు తుడుచుకుని ఇటు తిరిగినాడు. చేతిలో బంతి వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన పసిపిల్ల ఒంటి మాదిరి. వణుకుతోంది. అరచేతికేసి ఒత్తుకుంటోంది. ఆడాలంటే ముందు దాన్ని కడగాలి. కిటికీ దిమ్మెమీద ఎల్లప్ప ఇత్తడి పళ్ళెం ఉంది. పక్కన తన చెంబు ఉంది.

పళ్ళెం ముందర పెట్టుకుని కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎడమ అరచేతిలో బంతి, కుడిచేత్తో చెంబు. నీళ్ళు సన్నగా ధారగా వదిలినాడు. అంతే, తక్కిన పని చేతులే చేసుకుపోయినాయి. చిన్నప్పటినుంచీ గుండ్రటి రాయిని కడిగిన చేతులవి. బొటనవేలితో చుట్టూ తిప్పుతూ, ఎక్కడ మెల్లిగా రుద్దాలో అక్కడ రుద్దుతూ, చెంబులో నీళ్ళన్నీ పోసి, భుజంమీది అంగవస్త్రం తీసి ఒత్తి ఒత్తి తుడిచినాడు. బంతి వణుకు తగ్గింది. దాన్ని పక్కన మడిచిన గుడ్డమీద కూర్చోబెట్టినాడు. పళ్ళెంలో చేరిన నల్లటి నీళ్ళను కుడి అరచేతిలోకి వంచుకుని, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి తాగి, తడిచెయ్యి నెత్తికి రాసుకున్నాడు.

ఇంట్లో ప్రతి ఆదివారం చేసేదే. తిరుమంజనమైనాక తీర్థం పుచ్చుకోకుండా లేచే అలవాటు ఆ చేతులకు లేదు.

ఉప్పగా ఉంది. వెనకాల చేదు. ఆ చేదు నాలిక చివరికి వచ్చినాక గానీ తానేం తాగినాడో అతనికి తెలియలేదు. కిటికీల్లో తలలన్నీ ఒక్కసారిగా మాయమైనాయి, వసారాలో ఒకరి తర్వాత ఒకరు కక్కుకున్న చప్పుడైంది. రాజారత్నం నోట్లో చుట్ట ఆరిపోయింది. దేవనాథన్ కడుపు పట్టుకుని ఎదురుచూసినాడు. ఇప్పుడు పైకి వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని. రాలేదు. ఊపిరి ముక్కుతో పీల్చి చూసినాడు. హాల్లో ఏ వాసనా లేదు.

"థూ," అన్నాడు చెంగల్రాయుడు. ఎలుక పడిన పాకం చూసి నవ్విన మనిషి ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసినాడు. "తాగినావా దాన్ని? మనిషివేనా నువ్వు? నీ చెయ్యి తగిలినాక ఆ బంతి నేను ముట్టను పో." కర్ర గోడకు ఆనించి, ఈగలతో సహా బయటికి పోయినాడు.

ఆయన పోయినా ఆట ఆగలేదు. దేవనాథన్ బంతిని చేత్తోనే తెచ్చి, చేత్తోనే తన చోట పెట్టి, కర్ర ఎత్తినాడు. చెల్లాచెదురైన ఎర్రవి ఒక్కొక్కటే సంచుల్లోకి పోయినాయి. తెల్లది ప్రతిసారీ మెల్లిగా దొర్లి, తర్వాతి దెబ్బకు ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చి నిలబడింది. మధ్యమధ్య దానికి కారితే అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి పంచెకు రాసుకున్నాడు. పడిన రంగు బంతులు కూడా తానే తీసి తానే పెట్టుకున్నాడు. బల్ల ఖాళీ అయ్యేసరికి చూసేవాడు రాజారత్నం ఒక్కడే.

"నీకు ఉద్యోగం ఇస్తాండా తంబీ," అన్నాడు రాజారత్నం. "కానీ ఒకటి చెప్పాల. మా కంపెనీకి ఆడేవాళ్ళకు కరువు లేదు. ఊటీలో ఒకడుండాడు, నీకంటే బాగా ఆడతాడు. కరువంతా బంతులకే. యుద్ధం ఎప్పుడు ఆగుతుందో, సరుకు ఎప్పుడొస్తుందో. ఈ బంతిని నేను కొనుక్కుంటాను. మీ సెక్రటరీ వదిలించుకుంటే చాలని కూర్చోనుండాడు. దీన్ని కడిగి, మేపి, కార్తీకంలో కూడా ఆడించేవాడు కావాల. అదీ సంగతి."

"అంటే మావటి పని."

"జీతం ఆటగాడిదే ఇస్తా."

దేవనాథన్ బంతి వైపు చూసినాడు. ఇన్నాళ్ళూ ఊహించుకున్న ఉద్యోగం ఇది కాదు. "పెద్దవాళ్ళెవరైనా వచ్చినప్పుడు ఓడిపొమ్మంటారా?" అన్నాడు.

"నేను నీకు చెప్తాను సరే. ఆ బంతికెవరు చెప్తారు?" అన్నాడు రాజారత్నం, చుట్ట మళ్ళీ ముట్టించుకుంటూ.

దేవనాథన్ ఒప్పుకున్నాడు.

అట్లా గుట్టకింద క్లబ్బునుంచి ఒక అమెచ్యూరు ప్రొఫెషనలైనాడు. మర్నాడు సామాన్లు తీసుకోవడానికి పోతే ఎవరూ చెప్పకపోయినా అతనే వెనక వాకిలి గుండా పోయినాడు. అమావాస్య దాటి వచ్చిన ఎల్లప్ప ఖాళీ పెట్టె చూసి, మిగిలిన అరటిపండు తానే తినేసి, తొక్క అలవాటు కొద్దీ క్రోటన్ల మీదికి విసిరినాడు.

తిరుపతిలో ఇంటికి దేవనాథన్ కంటే ముందు కబురు చేరింది. పెరుందేవి వాకిట్లోనే నిలబెట్టి, కుంకుడుకాయ, చింతపండు, బూడిద, ఒకటి తర్వాత ఒకటి ఇచ్చి చెయ్యి కడిగించింది. కడిగిన ప్రతిసారీ దగ్గరికి వచ్చి వాసన చూసి, మొహం తిప్పుకుంది. వాసన పోలేదు. అతనికి మాత్రం తెలియడం లేదు. అరుగుమీద విస్తరేసి అన్నం పెట్టింది. ఆ చేత్తోనే పప్పు కలుపుకుని, వేళ్ళు నాక్కుని తిన్నాడు. ఎంగిలి పడుతుందని గ్లాసు ఎత్తి తాగే పిల్లవాడు అట్లా తింటుంటే ఆమె అన్నం గిన్నె పట్టుకుని చూస్తూ నిలబడింది.

నాయన పలకరించలేదు. "సాలగ్రామం ముట్టొద్దని చెప్పు వాడికి," అని భార్యతో అన్నాడు, కొడుకు వినేటట్టుగానే.

ఊరికి పోయే రోజు పొద్దున దేవనాథన్ నాయనతోబాటు కోనేటికి పోయి వస్తున్నాడు. పక్కపక్కన కాదు, నాలుగడుగుల వెనక. గోవిందరాజస్వామి గుడి ఏనుగు స్నానం చేసి, నామం పెట్టుకుని, మావటితో ఎదురు వస్తోంది. ఎప్పుడూ వీధంతా తనదే అన్నట్టు నడిచే ఏనుగు. వేంకటాచలపతిగారు గోడవారకు జరిగినాడు. ఏనుగు ఆయన్ని దాటి వచ్చి, దేవనాథన్ ముందర ఆగి, తొండం చాచి అతని కుడిచేతిని వాసన చూసింది. చూసి, తల దించి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, ఎదుటి గోడకు ఒదిగి నిలబడింది.

"దారిస్తాండాది సామీ," అన్నాడు మావటి, వేంకటాచలపతిగారితో. "పెద్ద మగేనుగు వాసన తగిల్తే అంతే ఇది. మీవాణ్ణి పొమ్మనండి, ఆయన పోతేగానీ ఇది కదలదు."

వీధిలో పాలవాళ్ళు, పూలవాళ్ళు ఆగి, దేవనాథన్ పోయేదాకా ఉండి, మళ్ళీ నడిచినారు. వేంకటాచలపతిగారు మాత్రం ఆ ఏనుగు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయినాడు. ఎన్ని ఏళ్ళుగానో రోజూ దానికి దారిచ్చిన మనిషి.

ఇంటికొచ్చి ఆరాధన కానిచ్చినాడు. దేవనాథన్ వెదురు పెట్టె చంకన పెట్టుకుని గడప బయట నిలబడినాడు. పెట్టెలో బంతి బెల్లానికి టక్కుటక్కుమని కొడుతోంది. రేణిగుంట బండికి వేళవుతోంది. నాయన తీర్థం గిన్నె పట్టుకుని లోపలినుంచి వచ్చినాడు. గడప దగ్గర ఆగినాడు. ముక్కు ఒక పక్కకు తిప్పుకుని, ఉద్ధరిణ బాగా పైకెత్తి, "చెయ్యి పట్టు," అన్నాడు.

దేవనాథన్ పెట్టె కింద పెట్టి ఆ చెయ్యే పట్టినాడు. మూడుసార్లు పోసినాడు నాయన. పచ్చకర్పూరం, తులసి వేసిన తీర్థం. చిన్నప్పటినుంచీ అది నోట్లో పడితే చాలు కళ్ళు మూసుకునేవాడు. ఇప్పుడు ఒట్టి నీళ్ళు మాదిరి ఉంది. ఉప్పు లేదు, చేదు లేదు.

"సరిగా ఉందా?" అన్నాడు నాయన. ఇన్నేళ్ళలో తీర్థం ఇచ్చి ఆ మాట అడగడం అదే మొదలు.

తడిచెయ్యి నెత్తికి రాసుకుని, దేవనాథన్ కళ్ళు కొంచెం దించినాడు. ఆఫీసరుగారి చేతిలో ఓడిపోయినప్పుడు పెట్టే మొహమే పెట్టి, "బాగుంది నాయనా," అన్నాడు.